మామిడికాయ తిన్నవాళ్లు

వేదవతమ్మ గారి దగ్గరికి ఎవరైనా ప్రశ్న పట్టుకొస్తే ఆవిడ దాన్ని రెండుసార్లు అడిగిస్తుంది. మొదటిసారి ఓపిగ్గా విని, "ఇప్పుడు పుస్తకంలో మాటలు తీసేసి అడుగు" అంటుంది. సగం ప్రశ్నలు అక్కడే రాలిపోతాయి. మాటలు తీసేశాక అడగడానికేమీ మిగలక శిష్యులు తల గోక్కుంటూ లేచిపోతారు. మిగిలిన సగానికైనా జవాబు చెబుతుందనుకుంటే పొరపాటే. పద వెళదాం అంటుంది, లేదా ఫలానా మనిషిని చూసి రమ్మంటుంది. ఆవిడ దగ్గర శిష్యరికం చేస్తే జ్ఞానం సంగతి తర్వాత, ముందు చెప్పులు అరుగుతాయి.

భద్రాచలంలో ఆవిడది చిన్న శిక్షణ కేంద్రం. సరిహద్దు అవతల తుపాకుల మధ్య ఊళ్లు కాలిపోయి, అడవి దాటి ఇటు వచ్చి గుడిసెలు వేసుకున్న కోయ కుటుంబాలు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఆ కుటుంబాల్లోని పిల్లల మనసుకి తగిలిన దెబ్బల గురించి వాళ్లతో ఎలా మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఆవిడ నేర్పుతుంది. నాది చర్ల వైపు. కోయ మాట వచ్చు కాబట్టి అక్కడ దుబాసీగా ఉంటున్నాను. ఇటువాళ్ల మాటలు అటు, అటువాళ్ల మాటలు ఇటు నా నోటి మీదుగానే పోతాయి గానీ, మధ్యలో నీ అభిప్రాయమేమిటని నన్ను అడిగినవాడు లేడు. అందుకే ఈ సంగతి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

వేసవి మొదట్లో ఒకరోజు సుహాసిని ప్రశ్నతో వచ్చింది. ఇల్లెందు అమ్మాయి, బొగ్గుబావిలో పనిచేసినాయన కూతురు. మనస్తత్వశాస్త్రం చదివి, ఊళ్లో ఉద్యోగం వస్తుంటే వద్దని మా దగ్గర చేరింది. పట్టిన పట్టు విడవదు. వేదవతమ్మ గారు చాటలో పోసుకుని మరమరాలు తింటోంది. సుహాసిని నిలబడే అడిగింది, నిర్హేతుకమైన అపరాధ భావన ఒక కౌమార బాలుడిలో స్థిరపడిపోయినప్పుడు దాన్ని సరిదిద్దే పద్ధతి ఏమిటని. ఆవిడ మరమరాలు నములుతూ చూసింది. సుహాసినికి అర్థమై, మళ్లీ అడిగింది.

"తప్పు చెయ్యని పిల్లాడు తప్పు చేసిన, చేసిన అంటుంటే, కాదని ఎట్లా నమ్మించాలమ్మా?"

ఈసారి ఆవిడ చాట పక్కన పెట్టింది.

పిల్లాడంటే సోడి ఐతు. పదిహేడేళ్లు ఉంటాయి. రాళ్లవాగు గుంపులో వాళ్లమ్మ కోసితో ఉంటాడు. గుంపు అంటే మా వైపు నాలుగైదు గుడిసెల నుంచి నలభై యాభై దాకా ఉండే పల్లె. వీళ్ల ఊరు కాలిపోయిన నాటికి ఐతు చిన్నవాడు. ఊరు ఊరంతా రాత్రికి రాత్రే అడవిలో పడి నడిచారు. తండ్రి అప్పటికే లేడు. ఐతు చేతిలో తమ్ముడు జోగ. వాడికి ఆకలేసి ఏడుపు అందుకున్నాడు. ఏడుపు వినిపిస్తే అందరి ప్రాణాలూ పోతాయి. ఐతు దారిలో చేతికందిన మామిడికాయ తెంపి, సగం కొరికి వాడి నోట్లో పెట్టి, మిగతా సగం తను తిన్నాడు. తమ్ముడు ఊరుకున్నాడు. మర్నాడు వాగు దాటుతుండగా తూటా తగిలి పోయాడు.

ఇక్కడ ఒక ఆచారం చెప్పకపోతే సంగతి సగమే తెలుస్తుంది. వాళ్లలో కొత్త కాయ ఏదీ ముందు మనిషి తినడు. మామిడికాయ కాస్తే ఊరంతా కలిసి మర్కా పండుమ్ చేసుకుంటారు, అంటే మామిడి పండుగ. పూజారి ఊరి దేవత ముందు కాయలు పెట్టి, కోడిని ఇచ్చి, ఆ తర్వాతే పసిపిల్లాడి దగ్గర్నుంచి పండుముసలి దాకా నోట పెడతారు. ఆ ఏడు పండుమ్ కాకముందే ఊరు కాలింది. ఐతు లెక్కలో దేవతకి పెట్టక ముందు తను తిన్నాడు, తమ్ముడికి పెట్టాడు. దేవత తమ్ముణ్ని తీసుకుంది. ఈ మాట వాడు కన్నతల్లికి కూడా చెప్పలేదు. సుహాసిని ఏడాదిగా వెళ్లి వాడి పక్కన కూర్చుంటూ, వాడు కట్టెలు కొడుతుంటే కట్టెలు అందిస్తూ ఉంటే, మొన్నటి చలికాలంలో ఆ పిల్లకి చెప్పాడు.

ఆ రోజు నుంచి సుహాసిని వాడికి ఒకటే చెబుతోంది, నీ తప్పేమీ లేదని. ఎన్ని రకాలుగా చెప్పొచ్చో అన్ని రకాలుగా చెప్పింది. నేనూ అన్ని రకాలుగానూ కోయలోకి మార్చాను. వాడు తలూపేవాడు. తలూపి, పది రోజులకో పదిహేను రోజులకో ఒక కోడిపిల్లని చంకన పెట్టుకుని పాత ఊరి దారి పట్టేవాడు. రెండుసార్లు గుంపువాళ్లు వెంటపడి పట్టుకొచ్చారు. ఆ దారిలో ఇప్పటికీ రెండు వైపులా తుపాకులున్నాయి, నేలలో ఏం పాతిపెట్టారో పెట్టినవాళ్లకే తెలీదు. కాయలు పండేలోపు వెళ్లి అమ్మవారికి కోడి ఇచ్చి వస్తానని వాడు సుహాసినితో నిదానంగా చెప్పాడు, సంతకి వెళ్లొస్తానన్నట్టు. ఈసారి ఎవరికీ చెప్పకుండా పోతాడని మాకందరికీ తెలుసు. పోతే తిరిగి రాడనీ తెలుసు. అందుకే ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఆ పిల్ల గొంతులో అంత కంగారు.

వేదవతమ్మ గారు అంతా విని, ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలని వాడికుందో ఎప్పుడైనా అడిగావా అంది. నాకు చెప్పాడు కదమ్మా అంది సుహాసిని. "నీకు చెప్పగలిగాడు" అంది ఆవిడ, "చెప్పుకోవాలనుకున్నది ఎవరికో అడుగు."

సుహాసినికి నచ్చలేదు గానీ వెళ్లి అడిగింది. పెద్దకి చెప్పాలి అన్నాడు ఐతు. పెద్ద అంటే మడివి నంద, గుంపుకి పెద్దమనిషి. వాడి ఇష్టంతోనే, వాడే వెళ్లి తన మాట ఒకటి వినాలని నందకి చెప్పాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం గుంపు కూర్చుంది. మేం ముగ్గురం ఆటో కట్టించుకుని వెళ్లాం.

చింతచెట్టు కింద మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చున్నారు. ఐతు మధ్యలో నిలబడి, గొంతు పెద్దది చెయ్యకుండా చెప్పేశాడు. మామిడికాయ సంగతి, తమ్ముడి సంగతి. చెప్పి, నా తప్పుకి దండుగ ఏం వేస్తారో వెయ్యండి అన్నాడు. సుహాసిని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దండుగ అనే మాట రాగానే ఆ పిల్ల ముఖం కందిపోయింది. ఇన్నాళ్లుగా తను కట్టుకుంటూ వచ్చిన గోడని తన కళ్ల ముందే కూలదొయ్యడానికి వచ్చి కూర్చున్నట్టు అనిపించి ఉంటుంది. వేదవతమ్మ గారి వైపు చూసింది. ఆవిడ చీమలు కుట్టకుండా కాళ్లు ముడుచుకుని కూర్చునే ప్రయత్నంలో ఉంది.

నంద ఏదైనా అనాలి. ఆయన తువ్వాలు తీసి మోకాళ్ల మీద పరిచాడు, మడత పెట్టాడు, మళ్లీ పరిచాడు. అటు ఆడవాళ్లలోంచి కోసి లేచింది. ఎండుకట్టెలా ఉంటుంది ఆమె. నలుగురిలో నోరు విప్పగా నేను ఎప్పుడూ వినలేదు.

"వాడు కాదు. నేను తిన్న" అంది. "అందరికంటే ముందు తిన్న. నా బిడ్డ నా వల్ల పోయిండు."

ఐతు తల్లి వైపు తిరిగాడు. అవ్వా అన్నాడు. ఒకే గుడిసెలో, ఒకే పొయ్యి దగ్గర, ఇన్నేళ్లూ ఇద్దరూ ఒకే బిడ్డని తామే చంపామనుకుంటూ, ఒకళ్లకొకళ్లు గంజి పోసుకుంటూ బతికారు. కోయలో విన్నదాన్ని సుహాసినికి తెలుగులో చెప్పడం నా పని. ఆ ఒక్కసారి చెప్పడానికి నోరు రాలేదు. చెప్పక్కర్లేకపోయింది కూడా.

అప్పుడు నంద తువ్వాలు కింద పెట్టేశాడు. "నేను గూడ తిన్న" అన్నాడు. ఆయన భార్య ఆ నడకలోనే జ్వరంతో పోయిందట. ఇటు వచ్చాక ఒక్క ఏడూ ఆయన పండుమ్ చేయించలేదు. పూజారి లేడు కదా, దేవత అక్కడ ఉండిపోయింది కదా అని చెబుతూ వచ్చాడు. అసలు కారణం ఇది. ఆయన మొహం మాడ్చుకుని కూర్చుంటే గుంపువాళ్లూ చేసేది లేక, ఇంటి ముందు చెట్లకి కాయలు కాసినా కొయ్యలేదు. అవి రాలి, ఎండి, మేకల పాలయ్యేవి. బళ్లో పెట్టిన మామిడికాయ పప్పు తిన్న పిల్లలు ఇంటికొచ్చి మూతి కడుక్కునేవాళ్లు.

అక్కణ్నుంచి అంతా గందరగోళమే. దండుగ వెయ్యాల్సిన మనిషే తిన్నానంటే ఇక దండుగ ఎవరు వేస్తారు? కంచే చేను మేసినట్టయిందని నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒక ముసలాయన పెద్దని మార్చాలన్నాడు. ఇంకొకాయన, నువ్వు తిన్లేదా చెప్పు అన్నాడు. ముసలాయన చుట్ట వెతుక్కునే పనిలో పడ్డాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఏ మాటకి ఆ మాట సుహాసినికి అందించలేక నేను చెమటలు కక్కుతున్నాను.

సుహాసినికి మాత్రం ముఖం వెలిగింది. లేచి నిలబడి, వాళ్లకి ఒక మాట చెప్పమంది. నేను చెప్పాను. మీలో ఇంతమంది తిన్నారు. తిన్నవాళ్లలో చాలామంది బతికే ఉన్నారు. అంటే మామిడికాయకీ చావుకీ సంబంధం లేదు. ఆ చావులు తుపాకులు తెచ్చినవి, జ్వరాలు తెచ్చినవి. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఐతుది అసలే లేదు. మంచి మాట, నాకు తెలిసి నిజమైన మాట. వాళ్లందరూ మర్యాదగా విన్నారు. ఆడవాళ్లలో ఇద్దరు తలలూపారు. నంద ఆ పిల్ల కూర్చునేదాకా ఆగి, "బిడ్డ మంచిగ చెప్పింది" అన్నాడు. తర్వాత గుంపు వైపు తిరిగి, "మరి కోళ్లు ఎవరెవరు తెస్తరు?" అన్నాడు.

చివరికి ఐతు ఇంటి నుంచి ఒకటి, నంద ఇంటి నుంచి ఒకటి, ఆ ముసలాయన ఇంటి నుంచి ఒకటి తెచ్చారు. ముసలాయన తిన్నదీ లేనిదీ మళ్లీ ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. పూజారి లేడు కాబట్టి ఎవరికి వాళ్లే పాత ఊరి వైపు తిరిగి కాయ కింద పెట్టి దండం పెట్టుకోవాలని తేల్చారు. తేలింది అనుకుంటుండగా ఆ ఊరు ఎటువైపన్న దగ్గర మళ్లీ గొడవ. ఒకరు ఈ గుట్ట అన్నారు, ఒకరు ఆ గుట్ట పక్క సందు అన్నారు. నడిచొచ్చినప్పుడు చీకటి, ఎటు తిరిగారో ఎవరికి తెలుసు? కోసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసింది. ఆఖరికి ఎవరికి తోచిన వైపు వాళ్లు తిరిగి కాయలు పెట్టారు. ఇన్ని దిక్కులు తిరిగి దండం పెట్టుకున్న పండుగ నేను ఇంకోటి చూడలేదు.

మూడు కోళ్లూ ఒకే కుండలో, కోసిన మామిడికాయ ముక్కలు వేసి వండారు. వంట దిగాక నంద లేచి చెప్పాడు, ఇది దండుగ కూడు, ఇక్కడ కూర్చున్న ప్రతి మనిషీ తినాలి, ఒక్కరు తినకపోయినా తప్పు తీరనట్టే అని. నేను ఉన్నదున్నట్టు సుహాసినికి చెప్పాను. వడ్డించే పని అందరికంటే ముందు తప్పు ఒప్పుకున్నవాడిదట. ఐతు అడ్డాకుల విస్తళ్లు పరిచి, ఒక్కొక్కరి ముందూ వంగి, అన్నం మీద కూర వేసుకుంటూ వచ్చాడు. తల్లి దగ్గర కాసేపు ఆగాడు. ఆమె వాడి ముఖం చూడకుండా, వాడు వేసిన ముక్క వేసినట్టే నోట్లో పెట్టుకుంది. నంద తిన్నాడు. ముసలాయన తిన్నాడు. వేదవతమ్మ గారు వేళ్లు నాక్కుంటూ తిని, పులుపు బాగుందని ఇంకో గరిటె వేయించుకుంది. నేనూ తిన్నాను. సుహాసిని ముందు వాడు వడ్డించినప్పుడు ఆ పిల్ల నవ్వి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, కడుపు నిండుగా ఉందని చెప్పమంది. చెప్పాను. ఐతు గరిటె పట్టుకుని ఒక్క క్షణం అక్కడే నిలబడి, తర్వాత పక్కవాళ్ల దగ్గరికి వెళ్లాడు.

పొద్దు గూట్లో పడేవేళకి తిరుగు ప్రయాణమయ్యాం. ఆటో కంకరరోడ్డు ఎక్కిందో లేదో సుహాసిని మొదలుపెట్టింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ముందు నన్ను దులిపింది, దండుగ అనే మాట వచ్చినప్పుడు కాస్త మెత్తగా మార్చి చెప్పొచ్చు కదా అని. తర్వాత గురువు గారి మీదికే వెళ్లింది. ఏ పాపం తెలియని పిల్లాడి మీద దండుగ వేస్తుంటే మీరు కూర్చుని చూశారు, పైగా మారు వేయించుకుని తిన్నారు అంది. ఇన్నాళ్లూ నేను చెప్పింది అబద్ధమా అంది. తప్పు ఉందంటే వాడికి ఊరట, లేదంటే వాడికి బరువు, ఇదేం న్యాయమమ్మా అంది. ఆ పిల్లకి నిజంగానే ఏమీ అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కాలేదు. ఈ రోజుకీ నేను ఆ లెక్క తేల్చుకోలేదు.

వేదవతమ్మ గారు ఆటో కుదుపులకి పైకీ కిందకీ ఊగుతూ, వాడు ఇక అడవి దారి పడతాడంటావా అని అడిగింది. పడడేమో అంది సుహాసిని. మళ్లీ తనే, తెలీదు అంది. వాడు అందరి విస్తళ్లూ చూసుకుంటూ తిరిగాడు కదా, నీకు వడ్డించినప్పుడు ఏమన్నావు అని అడిగింది ఆవిడ.

"కడుపు నిండుగా ఉందన్నాను. నేను తింటే వాడిది తప్పేనని నేనూ ఒప్పుకున్నట్టు కదమ్మా. అయినా వాళ్ల దగ్గర ఏమీ తీసుకోవద్దని మాకు నేర్పింది మీరే."

"నేర్పాను" అంది ఆవిడ.

ఆటో వాగు దాటింది. సుహాసిని చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏదో కూడుకుంటున్నట్టు పెదవులు కదుపుతూ కూర్చుంది. కాసేపటికి నా వైపు తిరిగి, ప్రతి మనిషీ తినాలని నంద అన్నప్పుడు ఆ మనుషుల్లో నన్ను కూడా కలిపాడా అని అడిగింది. ఆ మాట అంటూ ఆయన నీ వైపే చూశాడమ్మా అన్నాను. అంతమందిలో వాడి చేతి కూడు తిననిది తనొక్కతే. ఏడాది పాటు వాడి పక్కన కూర్చున్నదీ తనొక్కతే. ఆ పిల్ల ముందుకి వంగి డ్రైవరు భుజం తట్టి, ఆటో వెనక్కి తిప్పమంది. ఇప్పుడా అన్నాడు అతను. ఇప్పుడే అంది.

ఇరుకు రోడ్డు మీద ఆటో ముందుకీ వెనక్కీ అవుతుంటే, సుహాసిని గురువు గారిని చిన్న గొంతుతో అడిగింది, నా విస్తరి ఈ పాటికి పారేసి ఉంటారా అమ్మా అని.

"వాడు పారెయ్యడు" అంది వేదవతమ్మ గారు. "చల్లారిపోయి ఉంటుంది. తిను."